యాభై దాటాక పరుగు నెమ్మదిస్తే: ఏది వయసు, ఏది కాదు

వరంగల్ భద్రకాళి బండ్ మీద పొద్దున్నే పరిగెత్తే మా గుంపులో యాభై దాటినవాళ్లం ఐదుగురం. టైం పడిపోయినా, పిక్క పట్టేసినా అందరం చెప్పుకునే కారణం ఒక్కటే: "వయసైంది కదా." నేనూ రెండేళ్లు అదే చెప్పుకున్నాను. స్కూటర్ ఆగిపోతే "పాతబడింది సార్" అని చేతులు దులుపుకునే మెకానిక్ దగ్గరికి మళ్లీ వెళ్తామా? ఏ భాగం పాతబడిందో చెప్పాలి కదా. నా వయసు 52. డాక్టర్ని కాను. నా ఒంటి మీద, మా గుంపు మీద చూసినవి రాస్తున్నాను.

సమస్య: కష్టం అంతే, టైం మాత్రం పడిపోయింది

42 ఏళ్లప్పుడు పది కిలోమీటర్లు 50 నిమిషాల్లో పరిగెత్తేవాణ్ణి. పోయిన ఏడాది అదే దూరానికి 56 నిమిషాల 40 సెకన్లు పట్టింది. వెనక నుంచి వచ్చిన కుర్రాడొకడు "ఏం కాకా, ఇయ్యాల మెల్లగ వస్తున్నవ్?" అని దాటిపోయాడు. మెల్లగా వచ్చింది ఆ ఒక్కరోజే అయితే బాగుండేది.

ఎక్కడ పోతోందో హన్మకొండ జేఎన్ఎస్ (జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం) ట్రాక్ మీద తేల్చుకున్నాను. 2021లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగిన స్టేడియమే. నా మామూలు పది కిలోమీటర్ల వేగంతోనే 100 మీటర్లు పరిగెత్తి అడుగులు లెక్కపెట్టాను: 96. పాత వాచీ లెక్కల్లో చూస్తే అప్పట్లో 85. చిత్రమేంటంటే నిమిషానికి పడే అడుగులు అప్పుడూ ఇప్పుడూ 170 దగ్గరే ఉన్నాయి. కాళ్లు అంతే వేగంగా ఆడుతున్నాయి, అడుగు పొడవే 118 సెంటీమీటర్ల నుంచి 104కి దిగింది. అడుగడుక్కీ దాదాపు రెండు బెత్తెలు నేల మీద వదిలేసి వస్తున్నానన్నమాట.

కారణం: నేలను వెనక్కి తన్నే పని ఎక్కువగా పిక్కది. వయసుతో కండ తగ్గేటప్పుడు వేగంగా బిగుసుకునే పోగులు ముందు తగ్గుతాయి, చీలమండ దగ్గర తోపు బలహీనపడుతుంది. ఆ లోటును తుంటి కొంత పూడుస్తుంది కానీ అడుగు మాత్రం చిన్నదవుతుంది. ఎన్ని కిలోమీటర్లు పెంచినా ఇది సరికాదు. నేను ఏడాది పాటు పెంచి చూశాను, మిగిలింది అలసటే.

పరిష్కారం: మెట్టు. ఇంటి మెట్టయినా చాలు, నేను పద్మాక్షి గుట్ట మెట్ల మీద చేస్తాను. పాదం ముందు భాగం మెట్టు అంచున, మడమ గాల్లో. ఒంటికాలి మీద పైకి లేచి, ఒకటి, రెండు, మూడు లెక్కపెడుతూ మడమను మెట్టు కిందికి దించాలి. గోడకు వేలు ఆనించండి, బరువు మోపకండి. మొదటి రోజు కుడికాలితో తొమ్మిది చేశాను. ఎడమకాలితో ఆరోసారికే పిక్క వణికిపోయింది. పదేళ్లుగా పరిగెత్తుతున్న మనిషినని చెప్పుకోవడానికి సిగ్గేసింది. మోకాలు నిటారుగా పెట్టి ఒక విడత, కొంచెం వంచి ఇంకో విడత చేయాలి. వంచి చేస్తే లోపలి కండరం సోలియస్ మీద బరువు పడుతుంది. వారానికి మూడు రోజులు. ఒక్కో కాలికి ఇరవై తేలికయ్యాక బ్యాగులో ఐదు కిలోల బియ్యం వేసుకున్నాను. రెండు నెలల తర్వాత వారానికోసారి ఎత్తు రోడ్డు మీద ఎనిమిది పది సెకన్ల ఉరుకులు, ఆరుసార్లు. నాలుగు నెలలకు అదే ట్రాక్ మీద, అదే శ్రమకు 92 అడుగులు. 85 మళ్లీ రాదు, తెలుసు.

సమస్య: వాచీలో గుండె వేగం పైకి ఎక్కడం లేదు

దీనికి మరమ్మతు లేదు, టెన్షన్ పడే పనీ లేదు. గుండె కొట్టుకునే లయను నడిపే కణాలు వయసుతో నెమ్మదిస్తాయి, ఎంత సాధన చేసినా గరిష్ఠ వేగం తగ్గుతూనే ఉంటుంది. 208 లోంచి వయసులో పదింట ఏడు వంతులు తీసేస్తే ఉజ్జాయింపు వస్తుంది. నాకు 172, పదేళ్ల కిందట 179. మనిషికీ మనిషికీ పది, పన్నెండు తేడా మామూలే. బీపీకి బీటా బ్లాకర్ వేసుకునేవాళ్లు ఈ లెక్క పక్కన పెట్టాలి, ఆ మాత్రే గుండెను నెమ్మదిగా ఉంచుతుంది. అంకె పెరగడం లేదని మాత్ర మానేయకండి.

మన చేతిలో ఉన్నది వేరే ఉంది. ఒళ్లు ఆక్సిజన్ వాడుకునే గరిష్ఠ సామర్థ్యం కదలకుండా కూర్చునేవాళ్లకు పదేళ్లకు సుమారు పది శాతం తగ్గుతుంది. గట్టి సాధన ఆపనివాళ్లలో ఆ తగ్గుదల దాదాపు సగానికి దిగుతుంది. గట్టి అన్న మాట ముఖ్యం. మా గుంపులో అందరం రోజూ ఒకే రకంగా పరిగెత్తేవాళ్లం: కబుర్లు చెప్పుకునేంత తేలికా కాదు, రొప్పేంత కష్టమూ కాదు. ఇప్పుడు వారానికి ఒకరోజు నాలుగు నిమిషాలు గట్టిగా, మూడు నిమిషాలు మెల్లగా, అలా నాలుగుసార్లు. ఎత్తు రోడ్డు ఉరుకుల రోజు తప్ప మిగతా రోజులన్నీ కబుర్ల వేగమే.

ఎంత చేసినా ఒక మెట్టు దిగడం ఖాయం. కెనడాలోని మిల్టన్‌లో శ్మశానం దారుల్లో చుట్లు కొడుతూ సాధన చేసిన ఎడ్ విట్‌లాక్ 2004లో, 73 ఏళ్ల వయసులో, మారథాన్‌ను 2 గంటల 54 నిమిషాల 48 సెకన్లలో పూర్తి చేశారు. 2016లో 85 ఏళ్లకు పట్టింది 3 గంటల 56 నిమిషాల 34 సెకన్లు. పన్నెండేళ్లలో ఆయనంతటి మనిషికే గంట పైన పోయింది. నాకు ఆరు నిమిషాలు పోయాయని ఏడవడం ఆపేసింది ఈ లెక్క చూశాకే.

సమస్య: ఆదివారం లాంగ్ రన్, గురువారం దాకా నొప్పులు

కండ తిరిగి కట్టుకోవడం నెమ్మదిస్తుంది. ఒక్క పూట తిన్న ప్రొటీన్‌తో కుర్రాడి కండ స్పందించినంతగా మన కండ స్పందించదు, అదే పనికి ఇంకాస్త ఎక్కువ కావాలి. మన పళ్లెం చూస్తే పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, పచ్చిపులుసు, రాత్రి మళ్లీ అన్నమే. 65 కిలోల మనిషికి పూటకు 25 గ్రాముల చొప్పున పెట్టుకుంటే మంచిది. గుడ్డుకు ఆరు గ్రాములు, గుప్పెడు పల్లీలకు ఏడు. పప్పు నీళ్లలా కాకుండా గట్టిగా వండమని ఇంట్లో చెప్పి, చివరికి నేనే వండుకుంటున్నాను. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగాకే పెంచాలి.

రెండోది క్యాలెండర్. ఏడు రోజుల్లో రెండు గట్టి రోజులు, ఒక లాంగ్ రన్ ఇరికించే బదులు అవే మూడింటినీ పది రోజులకు పరిచాను. అంతకు మించి ఏం మార్చలేదు.

సమస్య: పిక్కలో ఎవరో రాయితో కొట్టినట్టు

చాలామటుకు కండరం చీలినట్టే. కుంటుతూ ఇంటిదాకా పరిగెత్తకండి, ఆటో ఎక్కండి. నొప్పి లేకుండా చురుగ్గా నడవగలిగాక, ఒంటికాలి మీద లేవగలిగాక మళ్లీ మొదలు. పొద్దున మంచం దిగగానే మడమ పైన నొప్పి, నడిస్తే సర్దుకోవడం అయితే అది అకిలిస్ టెండన్ (పిక్కను మడమకు కలిపే స్నాయువు) గోల. దానికీ ఆ మెట్టే మందు, కాకపోతే పన్నెండు వారాల ఓపిక కావాలి. సిప్రోఫ్లాక్సాసిన్ జాతి యాంటీబయాటిక్స్ వాడుతున్నప్పుడు ఆ టెండన్ తెగే ప్రమాదం పెరుగుతుంది, అరవై దాటినవాళ్లకు ఇంకా ఎక్కువ. దెబ్బ తగలకుండానే పిక్క ఉబ్బి, ఎర్రబడి, వేడిగా ఉంటే అది రక్తం గడ్డ కావచ్చు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

చిన్నాచితకా

మొదటి రెండు కిలోమీటర్లు చోక్ లాగిన బండిలా ఉంటే పది నిమిషాలు నడిచి మొదలుపెట్టండి. మోకాళ్లు అరిగిపోతాయని బంధువులు భయపెడితే నవ్వి ఊరుకోండి, మామూలు పరుగు మోకాళ్లను అరగదీయదు. వాపు ఉంటే మాత్రం చూపించుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో మన వరంగల్ ఎండ సంగతి చెప్పేదేముంది. వయసుతో దాహం తెలియడం తగ్గుతుంది, చెమట పట్టడం తగ్గుతుంది. సూర్యుడు రాకముందే ముగించండి.

ఆడవాళ్ల లెక్క వేరు. నెలసరి ఆగే రోజుల్లో ఈస్ట్రోజెన్ తగ్గి ఎముక పలచబడుతుంది, నిద్ర చెడుతుంది. మా గుంపులో ఒక అక్క ఏడాది పాటు సాధన తప్పు అనుకున్నారు, తీరా చూస్తే నిద్ర లేదు. బరువులెత్తడం ఆమెకు ఇప్పుడు పరుగుతో సమానం. ఆ ముందు ఏళ్లలో రక్తస్రావం ఎక్కువైతే ఐరన్ నిల్వల పరీక్ష తప్పనిసరి.

సమస్య: వారాల్లోనే దిగిపోయింది

వయసు ఇలా రాదు, ఏళ్ల మీద మెల్లగా వస్తుంది. మాలో 58 ఏళ్ల ఆయన మూడు వారాల్లో కిలోమీటరుకు నిమిషం వెనకబడ్డారు. అలవాటుగా అందరం వయసు అనేశాం. హిమోగ్లోబిన్ 9. మోకాలి నొప్పికి రోజూ మింగిన మాత్రలతో కడుపులో పుండై రక్తం పోతోందని తేలింది. అవే మాత్రలు ఎండలో నీళ్లు తక్కువైనప్పుడు కిడ్నీకీ చేటు.

కాబట్టి హఠాత్తుగా దిగిపోతే వేగం పెంచి చూడటం వద్దు. రక్తం, థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించి, ఈసీజీ తీయించుకోండి. గుండె లయ తప్పి కొట్టుకుంటున్నట్టు అనిపిస్తే, పరుగులో కళ్లు తిరిగితే, పరుగు ఆపి ఆ వారమే గుండె డాక్టర్‌ను కలవండి. ఛాతీ మీద బరువు పెట్టినట్టు ఉన్నా, దవడకో ఎడమ చేతికో నొప్పి పాకినా గ్యాస్ అనుకుని ఈనో తాగొద్దు. అక్కడే కూర్చుని 108కి ఫోన్ చేయండి.