1915 నాటి జర్మన్ ఇరవై మార్కుల బంగారు నాణెం: కొనే ముందు పరీక్షించే విధానం

జర్మన్ చక్రవర్తి, ప్రష్యా రాజు అయిన రెండో విల్‌హెల్మ్ సైనిక దుస్తుల్లో కనిపించే ఇరవై మార్కుల నాణేలు 1913, 1914, 1915 సంవత్సరాల తేదీలతో మాత్రమే ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలోకి జర్మనీ 1914 ఆగస్టులో దిగింది కనుక, ఆ ఏటి నాణేన్ని యుద్ధకాలపుదని అమ్మజూపితే ఒప్పుకోనక్కరలేదు. అది అంతకు ముందే ముద్రితమై ఉండవచ్చు. నిస్సందేహంగా యుద్ధకాలానిది 1915 నాణెమే. కానీ నోట్లకు బదులు బంగారం ఇవ్వడాన్ని జర్మనీ యుద్ధారంభంలోనే నిలిపివేయడంతో అవి జనం చేతికి దాదాపు రాలేదు. అందుకే అవి చాలా అరుదు, అందుకే నకిలీల భయమూ ఎక్కువ.

మొదట తూచాలి. బరువు 7.965 గ్రాములు, వ్యాసం 22.5 మిల్లీమీటర్లు ఉండాలి. వాడుకలో అరిగితే బరువు కాస్త తగ్గుతుంది గాని పెరగదు. నూటికి తొంభై పాళ్లు బంగారం, మిగతాది రాగి కావడం వల్ల రంగులో కొద్దిగా ఎరుపు కనిపిస్తుంది. మన 916 నగల కంటే ఇది ఒక వాసి తక్కువ.

గీటురాయి మీద మాత్రం రుద్దనివ్వకండి, ఆ గీతతో నాణెం విలువ పడిపోతుంది. దానికి బదులు, గ్రాములో నూరోవంతు చూపే కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి, అంకెను సున్నాకు తెచ్చి, దారంతో కట్టిన నాణేన్ని అడుగుకూ అంచుకూ తగలకుండా నీళ్లలో పూర్తిగా ముంచితే, కాటా సుమారు 0.46 గ్రాములు చూపాలి. బంగారు పూత వేసిన వెండి అయితే అంకె 0.7 దాటుతుంది.

అంచు మీద 'దేవుడు మనతో ఉన్నాడు' అని అర్థమిచ్చే జర్మన్ మాటలు స్పష్టంగా ఉండాలి. చక్రవర్తి బొమ్మ కింద బెర్లిన్ టంకశాల గుర్తు అయిన రోమన్ 'ఎ' అక్షరం ఉండాలి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది: అసలైన 1914 నాణెంలో చివరి 4ను 5గా మారిస్తే, అది పై పరీక్షలన్నీ నెగ్గుతుంది. కనుక పదింతలు పెంచి చూపే భూతద్దంతో, వెలుతురు పక్కనుంచి పడేలా నాణేన్ని వాల్చి, ఆ అంకె చుట్టూ ఉన్న చదును గరుకుగా ఉందా, అంకె ఎత్తు పక్క 1తో సమానంగా ఉందా అని చూడాలి. అనుమానం మిగిలితే, అందులోని 7.168 గ్రాముల మేలిమి బంగారానికి కొనే రోజున ఉన్న ధర మాత్రమే చెల్లించాలి.