కారు అద్దాల నల్ల ఫిల్మ్ ఇంట్లోనే తీసేయొచ్చు

సెకండ్‌హ్యాండ్ కారు కొంటే పాత నల్ల ఫిల్మ్ కూడా వస్తుంది, దాంతో చలానా టెన్షన్. అద్దంలోంచి వెలుతురు ముందు, వెనక 70 శాతం, పక్కల 50 శాతమైనా రావాలన్నది రూల్. నల్ల ఫిల్మ్ అంటించొద్దని 2012లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

కారును గంటసేపు ఎండలో ఉంచండి. అద్దం రెండంగుళాలు దించితే ఫిల్మ్ పైఅంచు దొరుకుతుంది. ఆ మూలను హెయిర్ డ్రయర్‌తో నిమిషంపాటు వేడిచేసి, మెల్లగా కిందికి లాగండి. గబగబా లాగితే ముక్కలై చేతికి జిగురే మిగులుతుంది. లీటరు నీళ్లలో రెండు చెంచాల గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి చల్లి, ఐదు నిమిషాలాగి పాత ఏటీఎం కార్డుతో గీకితే జిగురు ఊడొస్తుంది.

వెనక అద్దానికి సన్నటి డీఫాగర్ (అద్దంపై పట్టిన ఆవిరిని వేడితో పోగొట్టే) గీతలుంటే మాత్రం గీకకండి, తెగిపోతాయి. దాన్ని షాపులోనే తీయించండి.