పిల్లల కదలికలు ఇంట్లోనే గమనిద్దాం – 3వ పాఠం: వీడియో ఎలా తీయాలి

పిల్లల చేతులు వణకడం, మెలి తిరగడం లాంటి కదలికలు ఎప్పుడొస్తున్నాయో పోయిన పాఠంలో నోట్‌బుక్కులో టైము రాయడం నేర్చుకున్నాం కదా, ఇప్పుడు ఫోన్ తీయండి. మా పర్లాకిమిడి నుంచి బరంపురమో విశాఖపట్నమో వెళ్లామంటే ఆ రోజంతా దానికే సరి. తీరా డాక్టర్ ముందు కూర్చోబెట్టగానే పిల్లాడు బుద్ధిమంతుడైపోతాడు, ఒక్క వేలు కూడా వంకర పోదు. మా వాడు ఇలా మూడుసార్లు నా పరువు తీశాడు. పైగా బరంపురంలో "చెయ్యి మెలి తిరుగుతోంది" అని ఒడియాలో చెప్పబోయి నేను పడ్డ పాట్లు వేరే. వీడియోకి ఆ గొడవ లేదు.

ఫోన్ చేత్తో పట్టుకోకండి, మన వణుకూ అందులో కలుస్తుంది. బియ్యం డబ్బాకి ఆనించి అడ్డంగా పెట్టండి, తల నుంచి పాదాల దాకా కనబడాలి. కిటికీ పిల్లాడి వెనక ఉంటే నల్లటి నీడే మిగులుతుంది. పొట్టి చేతుల చొక్కా, నిక్కరు వేయండి.

మొదట ఊరికే కూర్చోబెట్టి ఒక నిమిషం. తర్వాత చేతులు చాపమనండి, తన ముక్కూ మీ వేలూ మార్చి మార్చి తాకమనండి, నడిచి వెళ్లి తిరిగి రమ్మనండి. అన్నిటికన్నా ఎక్కువ చెప్పేది స్టీలు గ్లాసు. సగం నీళ్లు పోసి తాగమనండి. పెదాల దగ్గరికి వచ్చేకొద్దీ వణుకు పెరిగి నీళ్లు ఒలుకుతున్నాయా, లేక గ్లాసు పట్టుకోగానే మణికట్టు మెలి పడుతోందా? ఈ రెండూ ఒకటి కావు. మా వాడికి రెండోది, డిస్టోనియా, అంటే కండరాలు వాటంతటవే బిగుసుకుని మెలి తిరగడం. కుడిచేత్తో గ్లాసు ఎత్తితే ఒళ్లో ఊరికే ఉన్న ఎడమచెయ్యి కూడా వంకర పోయి, బొటనవేలు అరచేతిలోకి దూరిపోతుంది. అందుకే గ్లాసొక్కటే కాదు, రెండో చెయ్యీ ఫ్రేములో ఉండాలి.

కదలిక వచ్చినప్పుడు పేరు పెట్టి పిలవండి, పలికాడో లేదో రికార్డవుతుంది. మూర్ఛేమో అని అనుమానం ఉన్నప్పుడు డాక్టర్ మొదట అడిగేది అదే. "కాసేపు ఆపగలవా నాన్నా?" అని ఒక్కసారి, మెల్లగా అడగండి. టిక్స్ (కళ్లార్పడం, భుజం ఎగరేయడం లాంటివి ఉన్నట్టుండి పదే పదే రావడం) అయితే కాసేపు ఆపుకోగలరు, కానీ పదే పదే గుర్తుచేస్తే ఎక్కువవుతాయి. నిద్రలో కూడా ఒక నిమిషం తీయండి, డిస్టోనియా, కొరియా (ఒళ్లు నిలకడ లేకుండా అటూ ఇటూ కదిలిపోవడం) లాంటివి నిద్రలో చాలావరకు తగ్గిపోతాయి.

ఏడాదిలోపు పాప నిద్ర లేవగానే తల వాల్చి, చేతులు విదిల్చి, కొన్ని సెకన్లకోసారి వరసగా అలాగే చేస్తుంటే మాత్రం ఈ పాఠాలు పక్కన పెట్టండి. అది మూర్ఛ కావచ్చు, కడుపునొప్పి అనుకుని వాము నీళ్లు పట్టకండి. ఒక్క వీడియో తీసి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే క్లారిటీ పోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి, అదీ డాక్టర్‌కే. మా పిన్ని ఒకసారి స్టేటస్ పెట్టేసింది, ఆ కథ ఇంకోసారి.

ఈ వారం హోంవర్క్: మందు వేసేముందు ఒకటి, వేశాక గంటకి ఒకటి, రోజూ అదే టైముకి. వచ్చే పాఠంలో ఫోన్‌లోని సెన్సర్‌తో వణుకు లెక్కపెడదాం. గ్లాసు మాత్రం మార్చకండి.