జపాన్ రగ్బీని ఏడాది పొడవునా చూడాలంటే

నేను ఒసాకాలో ఉంటాను. కొత్తగా వచ్చిన మనవాళ్లకు నేను చెప్పేది ఒకటే: డిసెంబర్ 27తో మొదలుపెట్టండి. ఆ రోజు హనజోనో రగ్బీ స్టేడియంలో జాతీయ హైస్కూల్ రగ్బీ టోర్నీ మొదలవుతుంది. మామూలుగా 51 స్కూళ్లు ఆడతాయి. కింతెత్సు రైల్లో హిగాషి హనజోనో స్టేషన్‌లో దిగి పది నిమిషాలు నడిస్తే చాలు. చలికి వేళ్లు కొంకర్లు పోతాయి, చేతి తొడుగులు మరిచిపోవద్దు (నేను మరిచిపోయాను). ఒక్కో సగం 30 నిమిషాలే. స్కోరు సమమైతే ఎవరు ముందుకెళ్లాలో చీటీ తీసి తేలుస్తారు. అరవై నిమిషాలు ఒళ్లు హూనం చేసుకున్న పిల్లలు ఒక చీటీతో ఇంటిదారి పట్టడం చూస్తే గుండె పిండేసినట్టుంటుంది.

క్లబ్బుల లీగ్ వన్ కూడా డిసెంబర్‌లోనే మొదలై వేసవి దాకా సాగుతుంది. 2022లో పుట్టిన లీగ్ ఇది. ఏదో ఒక జట్టును పట్టుకుని వదలకండి, లేకపోతే అంత పొడవు సీజన్ బోరు కొడుతుంది.

జాతీయ జట్టుకి జులై, నవంబర్ నెలలు ఖాళీగా ఉంచుకోండి. అంతకంటే ముందు 2015లో దక్షిణాఫ్రికాపై 34-32తో గెలిచిన మ్యాచ్ ఒకసారి చూడండి. చివరి నిమిషంలో లేచి వెళ్లారో, మీ ఖర్మ!