కేదార్‌కంఠ ఎక్కే ముందు రాత్రి నీళ్ల సంగతి

చలికాలంలో ఉత్తరాఖండ్‌లోని సాంక్రి గ్రామం నుంచి కేదార్‌కంఠ శిఖరం (సుమారు 3,800 మీటర్లు) ఎక్కేవాళ్లు శిఖరం రోజున తెల్లవారకముందే క్యాంపు నుంచి బయల్దేరతారు. చెట్లు దాటి మంచు కప్పిన పచ్చికబయళ్లలోకి రాగానే గాలికి అడ్డుండదు. ముందు గడ్డకట్టేది పైపుతో పీల్చి తాగే నీళ్ల సంచే. ఆ పైపులో మిగిలిన కాస్త నీరు బిగుసుకుంటే చుక్క రాదు. ఆ సంచిని కిందే వదిలేయండి.

వెడల్పు మూతి ఉన్న గట్టి సీసాలు రెండు, ఒక్కోటి లీటరుది, తీసుకెళ్లండి. రాత్రే వేడినీళ్లు నింపి, మూత బిగించి, ఉన్ని సాక్సులో దూర్చి స్లీపింగ్ బ్యాగులో కాళ్ల దగ్గర పెట్టుకోండి. పాదాలూ వెచ్చగా ఉంటాయి. నడిచేటప్పుడు సీసాను తలకిందులుగా సర్దాలి: మంచు పైభాగంలోనే మొదలవుతుంది, మూత ఇరుక్కోదు. దాహం లేకపోయినా అరగంటకోసారి రెండు గుక్కలు తాగండి. హెడ్‌ల్యాంప్ బ్యాటరీలు, ఫోన్ కూడా రాత్రంతా ఒంటికి దగ్గరగానే ఉండాలి, చలికి ఛార్జింగ్ త్వరగా పడిపోతుంది.