వేసవికి ముందే వీధి మొత్తం చేసుకోవలసిన పని

గుంటూరు, పల్నాడు పల్లెల్లో తాటాకు ఇళ్లు, పెంకుటిళ్లు పోయి డాబాలు, రేకుల ఇళ్లు వచ్చాక వేసవి నేరుగా ఇంట్లోకే వచ్చి కూర్చుంటోంది. పగలంతా ఎండ తాగిన స్లాబు రాత్రి పదకొండు దాటినా సెగ వదులుతూనే ఉంటుంది కాబట్టి ఫ్యాను ఎంత వేగంగా తిరిగినా ఆ వేడిగాలినే కిందికి కొడుతుంది; అది చాలక కూలరు, అదీ చాలక వాయిదాల మీద ఏసీ వస్తాయి. ఈ వేడినీ, దానితో పెరిగే కరెంటు బిల్లునూ ఒక్క ఇల్లు ఒంటరిగా తగ్గించుకోవడం కష్టం. కప్పుకు పూసే సున్నమైనా ఫ్యాన్లైనా పదిమంది కలిసి బేరమాడితేనే ధర దిగుతుంది, లైనులో లోపాన్ని వీధంతా కలిసి అడిగితేనే ఎవరైనా వచ్చి చూస్తారు. అందుచేత ఇరవై ముప్పై ఇళ్లున్న ఒక వీధిని తీసుకుని, సంక్రాంతి వెళ్లగానే మొదలుపెట్టి ఉగాదిలోపు ముగించడం మంచిది.

మొదటి పని కరెంటు బిల్లులు పోగుచేయడం. దీనికి డ్వాక్రా సంఘం నెలవారీ సమావేశాన్ని మించిన చోటు లేదు, ఎందుకంటే అక్కడ పుస్తకం రాసే అలవాటు ఇప్పటికే ఉంది. ప్రతి ఇంటి నుంచీ ఏడాది బిల్లులు తెప్పించి, రూపాయలను పక్కనపెట్టి యూనిట్లు మాత్రమే రాయాలి. ఫిబ్రవరి యూనిట్లకూ మే యూనిట్లకూ ఉన్న తేడాయే ఆ ఇల్లు వేడికి చెల్లిస్తున్న పన్ను. 2022లో సవరించిన గృహ టారిఫ్ ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్ రూ.1.90, 75 వరకు రూ.3, 125 వరకు రూ.4.50, 225 వరకు రూ.6, ఆపైన ఇంకా ఎక్కువ. అంటే మనం తగ్గించే యూనిట్లు ఎప్పుడూ పైనున్న ఖరీదైన యూనిట్లే: 140 వాడే ఇల్లు 120కి దిగితే, ఇతర చార్జీలు కలపకుండానే రూ.112.50 మిగులుతుంది.

అదే రోజు ప్రతి ఇంట్లో మీటరు పరీక్ష కూడా చేయాలి. ఫ్రిజ్‌తో సహా అన్ని స్విచ్చులూ ఆపి, మీటరు మీది ఎర్రదీపాన్ని ఐదు నిమిషాలు చూడాలి; అన్నీ ఆపాక అది మిణుకుమనకూడదు. మా ఇంట్లో అన్నీ ఆపిన తరువాత కూడా అది మెల్లగా మిణుకుమంటూనే ఉంది. వెతికితే, దొడ్లో మోటారుకు వెళ్లే వైరు గోడ కన్నం దగ్గర ఎలుక కొరికి, తడిగోడకు ఆనుకుని ఉంది. ఎన్నేళ్లుగా ఆ గోడకు కరెంటు పోశామో తెలియదు. ఇలాంటి లీకేజీ డబ్బు దండగ మాత్రమే కాదు, ప్రాణం మీదికి తెచ్చేది కూడా, కనుక ఎలక్ట్రీషియన్‌ను ఒక రోజు కూలికి మాట్లాడుకుని వీధంతా చూపించుకోవాలి. ఎర్త్ గుంతల్లో బొగ్గు, ఉప్పు వేసి, ఎండాకాలంలో అప్పుడప్పుడు నీళ్లు పోయడం కూడా అప్పుడే గుర్తు చేయవచ్చు.

ఇక అసలు పని కప్పు మీద ఉంది. తెల్లని పైకప్పు ఎండలో ఎక్కువ భాగాన్ని వెనక్కి తిప్పికొడుతుంది, కాబట్టి స్లాబు లోపలికి తాగే వేడి తగ్గుతుంది. సున్నపు బట్టీలకు పేరుపడ్డ పిడుగురాళ్ల మనకు దగ్గరే కనుక, వీధి మొత్తానికి ఒకే బండిలో సున్నం తెప్పించుకోవచ్చు. ముందురోజు సాయంత్రం డ్రమ్ముల్లో నీళ్లు పోసి, అందులో సున్నాన్ని కొద్దికొద్దిగా వేయాలి. సున్నం మీద నీళ్లు కుమ్మరించకూడదు. అది కుతకుత ఉడికి చిందుతుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు, కాబట్టి కళ్లద్దాలు లేకుండా ఎవరూ దగ్గరికి వెళ్లకూడదు, పిల్లలను అసలు రానివ్వకూడదు. తెల్లారాక గోనెగుడ్డతో వడకట్టి, బకెట్‌కు గుప్పెడు ఉప్పు, కాస్త ఫెవికాల్ కలపాలి. స్లాబును ఊడ్చి, పగుళ్లను సిమెంటు పాలతో పూడ్చి, నీళ్లు చల్లి తడిమీద ఉండగానే ఎండ ముదరకముందే మొదటి పూత, మర్నాడు రెండో పూత వేయాలి. ఎంత సున్నం పడుతుందో ముందు ఒక్క డాబాకు వేసి చూసుకుంటే మిగతా లెక్క తేలుతుంది. సిమెంటు రేకులైతే వాటిని గీకడం, కోయడం మంచిది కాదు; చాలావాటిలో ఆస్‌బెస్టాస్ అనే ఖనిజపు నార ఉంటుంది, దాని ధూళి ఊపిరితిత్తులకు చేటు. పైగా రేకులు మనిషి బరువుకు విరుగుతాయి, కనుక నిచ్చెన మీద నుంచే పొడవాటి బ్రష్షుతో వేయాలి.

నమ్మని వాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. వాళ్ల కోసం మేము మా డాబాకు సగం మాత్రమే వేసి, మధ్యాహ్నం రెండు గంటలకు చెప్పులు లేకుండా పైకి రమ్మన్నాం. తెల్లసగం మీద నిలబడి మాట్లాడిన పెద్దమనిషి నల్లసగం మీద మూడో అడుగు వేయలేకపోయాడు. ఒడియాలు ఎక్కడ ఎండబెట్టుకోవాలని ఆడవాళ్లు అడిగిన ప్రశ్న మాత్రం న్యాయమైనదే. చాప పరిచి, దాని మీద గుడ్డ వేసుకుంటే సున్నం అంటదు. వానలకు పూత కొట్టుకుపోతుంది గనుక ఏటా ఈ పని తప్పదు.

కప్పు తరువాత ఫ్యాను. పాత ఫ్యాను 75 వాట్లు తింటే బీఎల్‌డీసీ అనే కొత్తరకం మోటారున్న ఫ్యాను సుమారు 30 వాట్లతోనే అంత గాలీ ఇస్తుంది. రోజుకు పదిహేను గంటలు తిరిగితే నెలకు ఒక్కో ఫ్యానుకు 20 యూనిట్ల తేడా. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు కరెంటు ఆదాను చుక్కల్లో చూపే స్టార్ లేబుల్ తప్పనిసరి కనుక అది చూసి, వీధికంతా కలిపి ఒకే దుకాణంలో బేరమాడి, డబ్బు చాలనివాళ్లకు సంఘం పొదుపులోంచి అప్పు ఇవ్వవచ్చు. రోజుకు రెండు గంటలు తిరిగే వంటింటి ఫ్యానును మార్చడం మాత్రం దండగ. బల్బుల సంగతి చాలావరకు తీరిపోయింది. విజయవాడ ప్రాంతంలో 2021లో గ్రామ ఉజాలా పథకం కింద పాత బల్బు తెస్తే రూ.10కే ఎల్ఈడీ బల్బు ఇచ్చారు.

ఇక లైను సంగతి. రాత్రి ఏడు గంటలకు వీధి చివరి ఇంట్లో మల్టీమీటరు పెట్టి చూసినప్పుడు 230 వోల్టులకు బదులు 190 కనిపిస్తే, ఇళ్లన్నీ ఒకే ఫేజు మీద, అంటే లైనులోని మూడు కరెంటు తీగల్లో ఒక్కదాని మీదే, పడ్డాయేమో అనుమానించాలి. తక్కువ వోల్టేజీలో మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది, ట్యాంకు నిండడానికీ ఎక్కువసేపు పడుతుంది. దీన్ని సరిచేయవలసింది లైన్‌మనే. మనవాళ్లు స్తంభం ఎక్కకూడదు. రాసుకున్న రీడింగులను, వీధివాళ్ల సంతకాలను కలిపి ఊరి సచివాలయంలో కరెంటు పనులు చూసే ఎనర్జీ అసిస్టెంట్‌కు ఇచ్చి, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు కూడా ఫిర్యాదు నమోదు చేయాలి.

సోలార్ గురించి అందరూ మొదటే అడుగుతారు గానీ దాన్ని చివరికి ఉంచడమే మంచిది, ఎందుకంటే వాడకం తగ్గిన ఇంటికి మూడు కిలోవాట్లకు బదులు ఒకటో రెండో సరిపోతాయి. ఒక కిలోవాటుకు సుమారు 100 చదరపు అడుగుల నీడపడని చోటు కావాలి, నెలకు దాదాపు 120 యూనిట్లు వస్తాయి. 2024లో మొదలైన కేంద్ర పథకం పీఎం సూర్యఘర్ కింద ఒక కిలోవాటుకు రూ.30,000, రెండింటికి రూ.60,000, మూడు లేదా అంతకుమించితే రూ.78,000 సబ్సిడీ ఉంది.

మే బిల్లులు వచ్చాక అదే పుస్తకంలో నిరుటి మే యూనిట్ల పక్కన ఈ ఏటివి రాయాలి. ఎండలు ఏటా ఒకేలా ఉండవు కాబట్టి, సున్నం వేయని ఒకటి రెండు ఇళ్ల లెక్క కూడా పక్కన ఉంచుకుంటేనే పోలికకు అర్థం ఉంటుంది. పూత వేసినా యూనిట్లు తగ్గని ఇల్లు ఏదైనా కనిపిస్తే, మళ్లీ మీటరు దగ్గరికి వెళ్లి స్విచ్చులన్నీ ఆపి ఎర్రదీపం చూడాలి.