ధ్యానంలో వెలుగులు, దృశ్యాలు కనిపించినప్పుడు ఏం చేయాలి?

శ్వాసను గమనిస్తూ అరగంట కూర్చున్న తరువాత మూసిన రెప్పల వెనుక తెల్లని వెలుగు పరచుకోవడం, చేతులు ఎక్కడున్నాయో తెలియకపోవడం, ఒళ్లు పెరిగి గదంతా నిండినట్లు అనిపించడం, నడుము పైభాగం దానంతటదే ఊగడం ఎందరో సాధకులకు ఎదురయ్యేవే. ఇవి సిద్ధికి గుర్తులూ కావు, సాధన చెడిందనడానికి సాక్ష్యాలూ కావు. జెన్ అనే బౌద్ధ ధ్యాన సంప్రదాయంలో వీటిని ‘మక్యో’, అంటే సాధకుణ్ణి మరిపించి దారి తప్పించే మారుని సీమ, అంటారు. సాక్షాత్తూ బుద్ధుని రూపమే ఎదుట నిలిచిందని చెప్పినా అక్కడి గురువులు శిష్యుణ్ణి మళ్లీ శ్వాస దగ్గరికే పంపుతారు.

ముందుగా అది నిద్రమత్తేమో చూసుకోవాలి. కునుకు పట్టబోయే వేళ ఎరుగని ముఖాలు, తెగిన మాటలు మెదలడం మామూలే. జెన్ పద్ధతిలో కుడి అరచేతిపై ఎడమ అరచేతిని ఉంచి, బొటనవేళ్ల కొనలను మధ్యన పలుచని కాగితం నిలిచేంత మృదువుగా తాకిస్తారు. దృశ్యం వచ్చినప్పుడు ఆ కొనలను గమనించండి. అవి విడిపోయి ఒళ్లోకి జారి ఉంటే అది మగత కనుక, వెన్ను నిటారు చేసి, కళ్లు సగం తెరిచి, చూపును ఎదుటి నేలపై వాల్చాలి. అవి ఒకదానినొకటి నెట్టుకుంటూ గోపురంలా లేచి ఉంటే పట్టుదల మితిమీరిందన్నమాట. దవడను, భుజాలను వదులు చేస్తే చాలు.

రెండూ కానప్పుడు అది ఏకాగ్రత వల్ల పుట్టిన ప్రీతి, అంటే ధ్యానంలో కలిగే పులకింత, కావచ్చు. 5వ శతాబ్దంలో బౌద్ధ పండితుడు బుద్ధఘోషుడు రచించిన ధ్యాన గ్రంథం విశుద్ధిమార్గం, ఒళ్లు గగుర్పొడిపించే ప్రీతి మొదలుకొని శరీరమంతా నిండే ప్రీతి వరకు 5 రకాలు చెబుతుంది. విపశ్యనలో, అంటే అనుభవాలను ఉన్నవున్నట్లు గమనించే సాధనలో, తలెత్తే 10 ఉపక్లేశాలను (మాలిన్యాలను) కూడా ఆ గ్రంథం వెలుగుతోనే మొదలుపెట్టి, నికంతితో, అంటే సూక్ష్మమైన మమకారంతో ముగిస్తుంది. వెలుగు తనంతట తాను దోషం కాదని, దానిపై మమకారమే దోషమని అందులోని వివరణ. నా దృష్టిలో ఈ విషయమంతటికీ ఇదే ఆయువుపట్టు.

కాబట్టి దృశ్యాన్ని తరిమివేయవద్దు, దాని వివరాలు వెతకనూ వద్దు. బర్మాకు చెందిన బౌద్ధ భిక్షువు మహాసీ సయాడో నేర్పిన పద్ధతిలో లాగా “చూస్తున్నాను, చూస్తున్నాను” అని మనసులో మెల్లగా గుర్తించి, ఉదరం లేవడాన్ని, తగ్గడాన్ని తిరిగి గమనించండి. శరీరం ఊగుతుంటే “ఊగుతున్నది” అని గుర్తించండి. అయినా ఆగకపోతే కళ్లు తెరవండి. మరునాడు కూర్చోగానే మనసు నిన్నటి వెలుగు కోసం ఎదురుచూస్తుంటే మమకారం అప్పుడే పుట్టిందని తెలుసుకుని, ఆ ఎదురుచూపునే గమనించాలి. శమథ సాధనలో, అంటే మనసును ఒకేచోట నిలిపే సాధనలో, స్థిరపడిన వెలుగును నిమిత్తంగా, అంటే ధ్యానానికి ఆలంబనగా, స్వీకరించే మార్గం ఉన్నది కాని, అది అనుభవజ్ఞుడైన గురువు దగ్గర నేర్చుకోవలసినది.

భయం కలిగితే ఓర్చుకుని కూర్చోవలసిన పని లేదు. కళ్లు తెరిచి, అరికాళ్లను నేలకు ఆనించి, లేచి నెమ్మదిగా నడవండి. ఆసనం దిగిన తరువాత కూడా గొంతులు వినిపిస్తున్నా, దృశ్యాలు వెంటాడుతున్నా, రోజుల తరబడి నిద్ర పట్టకపోయినా సాధన ఆపి మానసిక వైద్యుణ్ణి కలవాలి. మునుపు మానసిక వ్యాధి ఉన్నవారు దీర్ఘ శిబిరాలలో చేరకముందే వైద్యునితోనూ గురువుతోనూ ఆ సంగతి చెప్పాలి.